కొత్త కంప్యూటరు - మా నాలుగు రాత్రులు

మన హాస్టల్ స్టడీ హాల్లో, రేకు బీరువా పక్కన ఇప్పుడొక కంప్యూటరు ఉంది. పదో తరగతి తమ్ముళ్ళు దాని ముందు కూర్చుని పాలిసెట్‌కీ, గురుకుల కాలేజీలకూ అప్లికేషన్లు పెట్టుకుంటున్నారు. దాన్ని తెచ్చింది మేమే. అందుకు వార్షికోత్సవం నాడు మాకు శాలువాలు కూడా కప్పారు. కప్పేటప్పుడు మేం తల ఎత్తలేకపోయిన సంగతి ఫోటోల్లో కనిపిస్తుంది. వినయం అనుకున్నారు చాలామంది. అది వినయం కాదు. ఆ కథ రాయమని సంచిక తమ్ముళ్ళు పట్టుబట్టారు కాబట్టి దాచకుండా రాస్తున్నాం.

మేం ముగ్గురం. ఇదే హాల్లో ట్రంకు పెట్టెలు వరసగా పెట్టుకుని పదో తరగతి దాకా చదివినవాళ్ళం. ఇప్పుడు తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాం. ఒకరిది కెమిస్ట్రీ, ఒకరిది తెలుగు, ఒకరిది ఎకనామిక్స్. కంప్యూటరు చదువు ముగ్గురిలో ఎవరిదీ కాదని గమనించగలరు. మా మూడిళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. అలాంటి ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. కరెంటు బిల్లు చదవాలన్నా, బ్యాంకు నుంచి మెసేజి వచ్చినా, ఫోన్లో బొమ్మ రాకపోయినా పిలుపు మనకే. “చదువుకున్నోడివి, ఇది తెల్దా?” అనే మాట మనకు మెడలో దండ లాంటిది. ఒక్కోసారి ఉరితాడు లాంటిది కూడా.

కంప్యూటరు కొనాలన్నది పాత విద్యార్థుల ఆలోచన. ఫోన్లో ఒక గ్రూపు పెట్టి చందాలు పోగుచేశాం. టీచరుద్యోగం చేసే అన్న ఐదు వేలిచ్చారు. బెంగుళూరులో బిల్డింగు పనికి పోయే మా క్లాసు జతగాడు ఐదు వందలు పంపి, “ఇంతే రా ఈ వారం, ఏమనుకోవాకండి” అని మెసేజి పెట్టాడు. లెక్క పుస్తకంలో ఐదు వేలూ ఐదు వందలూ ఒకే సైజు అక్షరాల్లో రాశాం.

తిరుపతిలో ఒక షాపులో విడిభాగాలు ఏరి బిగించి ఇమ్మన్నాం. కొత్త మదర్‌బోర్డు, పన్నెండో తరం ఐ3, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. మానిటరు మాత్రం సెకండ్ హ్యాండుది. విండోసు వేయడానికి వేరే డబ్బు అన్నాడు షాపాయన, దానికి బిల్లుండదన్నాడు. హాస్టలుకిచ్చే వస్తువులో దొంగ సరుకు ఎందుకని ఉబుంటు మేమే వేసుకుంటాం అన్నాం. చాలా ధీమాగా అన్నాం. ఉబుంటు మనకు కొత్తేం కాదు. 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్ళకు దాని సీడీలు పోస్టులో ఊరికే పంపేవాళ్ళని ఐదు వేలిచ్చిన అన్న చెప్పారు. సీడీ పెట్టడం, మిషను ఆన్ చేయడం, అంతే అన్నారు. ఇప్పుడు సీడీ డ్రైవు లేదు కాబట్టి పెన్‌డ్రైవు. తేడా అంతే కదా అనుకున్నాం.

క్యాబినెట్‌ను దుప్పటిలో చుట్టి చిత్తూరు బస్సెక్కించాం. 2022 ఏప్రిల్లో జిల్లా విడిపోయాక మేం చదివే ఊరు ఒక జిల్లా, మా హాస్టలు ఒక జిల్లా అయిపోయాయి. అయినా బస్సు మాత్రం ఎప్పట్లానే చంద్రగిరి, పూతలపట్టు మీదుగానే పోతుంది. గతుకు వచ్చినప్పుడల్లా ముగ్గురం ఒకేసారి దాని మీద చెయ్యి వేసేవాళ్ళం. వార్షికోత్సవం ఇంకా నాలుగు రోజులుంది.

మొదటి రాత్రి. ఉబుంటు ఫైలు నాలుగు జీబీల పైన ఉంది. పెన్‌డ్రైవులోకి కాపీ చేయబోతే ఫైలు మరీ పెద్దదంది. ఎఫ్‌ఏటీ32 అనే ఫార్మాట్లో ఒక్కో ఫైలు నాలుగు జీబీలు దాటకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చమని ఎవరో చెబితే మార్చాం. ఫైలు ఎక్కింది. సినిమా కాపీ చేసినట్టు కాపీ చేసి, మిషనుకు పెట్టి, స్విచ్చి వేశాం. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, సెట్టింగుల స్క్రీను వచ్చి నిలబడింది. ఆపి మళ్ళీ వేశాం. మళ్ళీ అదే స్క్రీను. ఎఫ్2, ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12 అన్నీ హార్మోనియం మెట్లు నొక్కినట్టు నొక్కాం. చుట్టూ చేరిన చిన్నపిల్లలు పది గంటలకు ఒక్కొక్కరే లేచి పడుకోడానికి పోయారు.

రెండో రోజు తెలిసిందేమిటంటే, ఫైలును కాపీ చేయకూడదు, ఒక టూల్‌తో పెన్‌డ్రైవు మీద ‘రాయాలి’. నెట్ సెంటర్లో ఒక పాత టూల్ ఉంటే దాంతో రాయించాం. మళ్ళీ అదే స్క్రీను. అప్పుడు చేసిన పని మాకు చాలా తెలివైనదిగా తోచింది. వార్డెన్ సారు పాత ల్యాప్‌టాప్ అడిగి అదే పెన్‌డ్రైవు దానికి పెట్టాం. అది 2011 నాటి ల్యాప్‌టాప్, మూత తీస్తే కీచుమంటుంది. ఒక్క నిమిషంలో ఉబుంటు వచ్చేసింది!

ఇంకేం, తీర్పు అయిపోయింది. పెన్‌డ్రైవు మంచిది, కొత్త మిషనే చెడ్డది. షాపాయన మమ్మల్ని మోసం చేశాడు. వెంటనే ఫోన్ చేశాం. మాలో గొంతు పెద్దదున్నవాడు మాట్లాడాడు. ఆయన అంతా విని, “పెన్‌డ్రైవు ఏ ఫార్మాట్లో ఉండాది నాయనా?” అని అడిగాడు. మాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. యూనివర్సిటీలో చదివేవాళ్ళం కదా. “సరుకు సరిగ్గా ఇయ్యకుండా మమ్మల్నే ప్రశ్నలడుగుతావా” అని ఇంకో రెండు మాటలు కూడా అని పెట్టేశాం. ఆ రెండు మాటలు ఇక్కడ రాయం.

మూడో రాత్రి బయోస్‌లో సీఎస్‌ఎం అనే వరస కనిపించింది. పాత పద్ధతిలో లేపే ఏర్పాటు అదేనట. కానీ బూడిద రంగులో ఉండి కర్సరు దాని మీద కూర్చోదు. బిళ్ళ బ్యాటరీ పీకి మళ్ళీ పెట్టాం. తేదీ వెనక్కి పోయింది గానీ ఆ వరస రంగు మారలేదు. పన్నెండు దాటాక మాలో ఒకరికి ఇంటి నుంచి ఫోనొచ్చింది. వాళ్ళమ్మ అంత రాత్రి దాకా మేలుకుని, “తిన్నావా? ఆ మిషను లేసిందా?” అని అడిగింది. లేవలేదంటే, “నీకే చాతగాకపోతే ఇంకెవురికి అవుతాదిలే” అంది. ఓదార్పుగానే అంది. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు.

పొద్దున్నే మిషనును మళ్ళీ దుప్పటిలో చుట్టాం, తిరుపతికి తీసుకుపోయి షాపు ముందు గొడవ పెట్టుకోవాలని. తాడు కట్టే ముందు మా కెమిస్ట్రీవాడు నోటుబుక్కు తీశాడు. ల్యాబులో సాల్టు కనుక్కునేటప్పుడు ఒక్కో పరీక్షా రాసుకున్నట్టు ఏది దేనితో లేచింది, ఏది లేవలేదు అని గళ్ళు గీశాడు. అన్ని గళ్ళలోనూ పెన్‌డ్రైవు ఫార్మాటు ఒకటే. ఎన్‌టీఎఫ్‌ఎస్. మేం మార్చనిది అదొక్కటే. షాపాయన అడిగిందీ అదే. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

సంగతి ఇదీ. పాత బయోస్‌కు పెద్ద పట్టింపు లేదు. డిస్కు మొదట్లో ఉండే 512 బైట్ల చీటీని చదివి, అందులో ఏం రాసి ఉంటే అది చేస్తుంది. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ అలా కాదు. అది ఎఫ్‌ఏటీ రకం ఫార్మాట్లో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డరును వెతికి, అందులో బూట్ అనే ఫోల్డర్లో ఫలానా పేరున్న ఫైలును తీసుకుంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం చాలా బోర్డులకు రాదు. చదవలేనిదాన్ని అది లేనట్టే లెక్కేస్తుంది. పాత పద్ధతిని 2020 నాటికి వదిలేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. మా కొత్త బోర్డులో వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు గనక సీఎస్‌ఎం బూడిద రంగులోనే ఉండిపోయింది. పాత ల్యాప్‌టాప్ పాత భాష తెలిసింది, అందుకే లేచింది. అది ఇచ్చిన సాక్ష్యం నిజమే, మేం దాన్ని అర్థం చేసుకున్న తీరే తప్పు.

మరి నాలుగు జీబీలు దాటిన ఫైలు ఎఫ్‌ఏటీ32లో ఎట్లా పడుతుంది? మాకూ ఇదే సందేహం. రూఫస్ అనే టూల్ ఆ పెద్ద ఫైలును విప్పి, లోపలి ఫైళ్ళను విడివిడిగా పెడుతుంది. వాటిలో ఏ ఒక్కటీ నాలుగు జీబీలు లేదు. మూట తలుపులో పట్టకపోతే విప్పి గిన్నెలు ఒక్కొక్కటే లోపల పెట్టినట్టు. వార్డెన్ సారు ల్యాప్‌టాప్‌లోనే రూఫస్ తెరిచి, జీపీటీ, యూఈఎఫ్‌ఐ, ఎఫ్‌ఏటీ32 అని ఎంచుకుని మళ్ళీ రాశాం.

సెక్యూర్ బూట్ కూడా తీసేయమని అందరూ చెప్తారు. మేమూ తీసేశాం. అది అలిపిరి దగ్గర తనిఖీ లాంటిది, సరైన ముద్ర లేని సామాను కొండెక్కనివ్వదు. ఉబుంటుకు ఆ ముద్ర ఉంది, తీయనక్కర్లేదని తర్వాత తెలిసి మళ్ళీ పెట్టేశాం.

నాలుగో రాత్రి ఎనిమిదిన్నరకు, అన్నాల గంట కొట్టాక, స్విచ్చి వేశాం. నల్లటి స్క్రీను మీద తెల్ల అక్షరాలు, తర్వాత భాషల జాబితా. చూస్తూ చూస్తూ కిందికి పోతుంటే ‘తెలుగు’ అని తెలుగులోనే కనిపించింది. ఆరో తరగతి పిల్లోడొకడు కంచం చేత్తో పట్టుకునే, “అన్నా, మనది ఉండాది!” అని అరిచాడు. ఆ కేకకు వంటాయన కూడా గరిటెతో వచ్చి చూశాడు. బెంగుళూరు జతగాడికి ఫోటో పంపితే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాడు, అంతే. పనిలో ఉన్నట్టున్నాడు.

వార్షికోత్సవమయ్యాక తిరుపతిలో దిగీ దిగగానే షాపుకు పోయాం. ఫోన్లో మాట్లాడినవాడే ముందు నిలబడి జరిగింది చెప్పాడు. షాపాయన స్క్రూలు బిగిస్తూనే విన్నాడు. “ఏమో సామీ, మీరు కోపంగా ఉండారని నేను మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. తెలీదని ఒక మాటంటే అయిదు నిమిషాల్లో చెప్పేసేవాణ్ణి కదా” అన్నాడు. టీ తెప్పించాడు. డబ్బులు మేమిస్తామంటే వద్దన్నాడు.

ఆ పెన్‌డ్రైవు ఇప్పుడు వార్డెన్ సారు బీరువాలో, తాళాల గుత్తి పక్కన ఉంది. కావలసినవాళ్ళు రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోవచ్చు. దాని మీద ఎఫ్‌ఏటీ32 అని స్కెచ్ పెన్నుతో రాశాం. సినిమా పట్టలేదని దాన్ని మళ్ళీ ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, భయపడకుండా మాకు ఫోన్ చేయండి.