చెదపురుగుది ఏ అర?

లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది డైనోసార్ల వైపు నడుస్తారు. నేను చూడదలచింది డార్విన్ సెంటర్. 2009లో తెరిచిన ఈ భాగంలో ఎనిమిది అంతస్తుల ఎత్తున పట్టుగూడు ఆకారంలో ఒక తెల్లటి కట్టడం ఉంది. దాని లోపల కోటికి పైగా కీటకాలు సూదులకు గుచ్చి, చీటీలతో అరల్లో భద్రంగా ఉన్నాయి. లోపల చల్లగా, పొడిగా ఉంచుతారు. ఎండిన పురుగుల్ని తినే పురుగులూ ఉన్నాయి మరి! సందర్శకులకు అద్దాల్లోంచి కనిపించేది కొంచెమే. ఆ కొంచెం చూసి, ఈ అరలు వెతుక్కోవడానికి వీలుగా సర్దినవేనని అనుకోవడం సహజం. నాకు మాత్రం ప్రతి అరా ఒక వాదనలా తోచింది. ఏ కీటకం దేని పక్కన ఉందో చెప్పడమంటే వాటి చుట్టరికం గురించి ఒక మాట అనడమే. సాక్ష్యం మారితే ఆ మాటా మారాలి. అందుకు చెదపురుగును మించిన ఉదాహరణ లేదు.

జీవుల వర్గీకరణకు పేరుపడ్డ లినేయస్ 1758లో కీటకాలను ప్రధానంగా రెక్కలను బట్టి ఏడు క్రమాలుగా (ఆర్డర్లుగా) విడదీశాడు. పెంకు రెక్కలవి, పొలుసు రెక్కలవి, రెండే రెక్కలవి అన్న విభజన ఇప్పటికీ చాలావరకు నిలిచే ఉంది. బెడిసికొట్టింది రెక్కల్లేనివాటి క్రమం. అందులో పేలు, సాలీళ్ళు, తేళ్ళు, జెర్రులు, చివరికి పీతలు కూడా చేరాయి; వాటి మధ్యే చెదలు. ఒక అవయవం లేకపోవడం ఒక్కటే బంధుత్వానికి రుజువు కాదు. పైగా చెదలకు రెక్కలు లేవని ఎవరన్నారు? తొలకరి వానకు దీపం చుట్టూ మూగి, తెల్లారేసరికి రెక్కలు రాల్చే ఉసుళ్ళు చెదలే కదా! 1832లో బ్రూలే అనే శాస్త్రవేత్త ఆ రెక్కలనే ఆధారం చేసుకుని, నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయని, చెదలకు ఐసాప్టెరా అనే సొంత క్రమం ఇచ్చాడు. అంతకుముందే, 1779లో, దక్షిణ భారతపు చెదల మీద రాసిన కోనిగ్ లినేయస్ శిష్యుడే. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన సేకరించిన కీటకాలు కొన్ని చేరిన జోసెఫ్ బ్యాంక్స్ సేకరణ ఇప్పుడు ఈ మ్యూజియంలోనే ఉంది.

రాణి, కూలీలు, సైనికులు ఉన్న కాపురం చూసి చెదను చీమకు చుట్టమనుకోవడం పాత అలవాటు. మన సామెతలోనూ పుట్ట పెట్టేది చీమే! మ్యూజియం గ్యాలరీలో ఆకు ముక్కలు మోసుకెళ్ళే చీమలను కాసేపు గమనిస్తే ఆ పోలిక నిలవదు. చీమకు సన్నని నడుము, మధ్యలో మడత పడ్డ మీసాలు. రెక్కలొచ్చిన చీమకు ముందు జత పెద్దది, వెనక జత చిన్నది. చెదకు నడుమే లేదు, మీసాలు పూసలు గుచ్చినట్టు ఉంటాయి. చీమ ప్యూపా దశ దాటి పెద్దదవుతుంది; చెదకు ఆ దశ లేదు. మరి ఎవరి చుట్టం? ఆస్ట్రేలియాలోని మాస్టోటెర్మెస్ అనే చెద, గుడ్లను బొద్దింకలా రెండు వరసల్లో అతికించి పెడుతుంది. దాని వెనక రెక్కలోనూ బొద్దింక పోలిక ఉంది. క్రిప్టోసెర్కస్ అనే బొద్దింక కుళ్ళిన దుంగల్లో పిల్లలతో కాపురముంటుంది. దాని పేగుల్లో కట్టెను అరిగించే ఏకకణ జీవులు చెదల పేగుల్లోని వాటికి దగ్గరివని 1934లో క్లీవ్‌లాండ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఇది గట్టి సాక్ష్యమే అయినా తిరుగులేనిది కాదు. ఒకే దుంగలో బతికే రెండు జాతుల మధ్య ఆ జీవులు చేతులు మారి ఉండవచ్చునన్న అభ్యంతరం సబబైనదే. దాన్ని తీర్చినవి జన్యువులు. 2007లో ఈ మ్యూజియం శాస్త్రవేత్తలు ఇన్‌వర్డ్, బెకలోని, ఎగల్టన్ వాటిని పోల్చి, చెదలు బొద్దింకల వంశం లోపలే పుట్టాయనీ, క్రిప్టోసెర్కసే వాటికి దగ్గరి బంధువనీ తేల్చారు.

అంటే చెదలకు విడిగా ఒక క్రమం ఉండకూడదు. అయినా, ఆ వెంటనే కొందరు శాస్త్రవేత్తలు ఐసాప్టెరా పేరును వదులుకోవద్దన్నారు. ఎన్నో పుస్తకాల్లో పాతుకుపోయిన పేరును ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. క్రమం హోదా మాత్రం కుదరదు. చెదలను వేరుపెడితే, వాటికి అత్యంత దగ్గరి బొద్దింకను దూరపు బొద్దింకలతోనే కలిపి ఉంచినట్టవుతుంది. అది చుట్టరికాన్ని తలకిందులు చేయడమే. ఇంకో అభ్యంతరం పామరమైనదే గానీ బలమైనది: ఇంటి దూలాన్ని తిన్నది చీమ చుట్టమైతేనేం, బొద్దింక చుట్టమైతేనేం? తేడా మందు దగ్గర తెలుస్తుంది. చెదల కూలీలు బొద్దింక పిల్లల్లాగే కుబుసం విడుస్తూ బతుకుతాయి. కొత్త చర్మానికి కావలసిన కైటిన్ తయారవకుండా అడ్డుకునే మందును ఎరలో పెడితే, అవి దాన్ని పుట్టలోకి తీసుకెళ్ళి మిగతావాటికీ తినిపిస్తాయి. తర్వాత కుబుసం విడవలేక చస్తాయి. చీమల కూలీలు అప్పటికే పూర్తిగా ఎదిగినవి, మళ్ళీ కుబుసం విడవవు. అదే ఎర వాటి ముందు పెడితే ఆ కూలీలను చంపదు.