చెమ్మ నేలలో గోడకూ తలుపుకూ తగిన రంగు

గోదావరి డెల్టాలోని ఐనవిల్లి ప్రాంతంలో కొబ్బరితోటల నీడ, కాలువల చెమ్మ కలిసి ఇంటి గోడలను చాలాకాలం ఆరనివ్వవు గనుక, రంగు ఎంపికలో మొదట చూడవలసినది ఛాయ కాదు, గోడలోని తేమ బయటికి పోయే వీలు. గుల్ల సున్నం, అనగా నత్తగుల్లలను కాల్చి తీసిన సున్నం, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతూనే సన్నని రంధ్రాలను నిలుపుకొంటుంది. అటువంటి సున్నం వేసిన పాత పెంకుటింటి గోడపై నూనె రంగు పూస్తే, లోపలి తేమ దారి లేక వెనుక చేరి, పైపొర బుడగలెత్తి పెచ్చులుగా ఊడిపోతుంది. సున్నపు గోడకు మళ్ళీ సున్నమే తగునని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

కలప సంగతి వేరు. టేకు ద్వారబంధానికి, చారలను కప్పివేయకుండా కలపలోనికి ఇంకే పలుచని రంగైన స్టెయిను మేలు. ఎండావానా తగిలే వీధి తలుపుకు దానిపై వార్నిషు, అనగా పారదర్శకమైన రక్షణ పొర, తప్పనిసరి. పాత ఎనామిల్ రంగును పొడిగా గీకక, తడిపి రుద్దాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. ఎందుకంటే ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది, అంతకుముందు పూసిన పొరల్లో అంతకు మించిన సీసం ఉండే అవకాశం ఎక్కువ.