మురుగు కాలవ పక్కన మొదటి శీలం

వానలు మొదలైతే చాలు, మా ట్రాఫిక్‌లో పౌర్ణమి వందనకు వచ్చే ఉపాసికలు ప్రతి ఏడూ అదే ప్రశ్న వేస్తారు: "అప్పా, బొద్దింకని చంపితే శీలం తప్పినట్టేనా?" నవ్వుతూనే అడుగుతారు గాని అది నవ్వులాట ప్రశ్న కాదు. ప్రాణిహింసకు దూరంగా ఉంటామని పొద్దున ప్రతిజ్ఞ చేసిన మనిషే రాత్రి పెరటి గుమ్మంలో చెప్పు పట్టుకుని నిలబడవలసి వస్తుంది. బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞలలో 13వది సకల ప్రాణుల పట్ల కరుణ. అందులో బొద్దింక లేదని ఎవరూ అనలేరు.

మా ఊరు తెలియని పాఠకులకు ఒక మాట. ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్‌లో ట్రాఫిక్ ఒక పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల వాళ్లు పనికోసం ఇక్కడికి వచ్చారు. వాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడే ఉండిపోయారు. వరస ఇళ్లు, వెనక సందు, సందులో మురుగు కాలవ, అక్కడక్కడా మూత వేసిన మ్యాన్‌హోల్. మా బొద్దింకల కథంతా ఈ వెనక సందుదే.

ముందు ఆ ప్రాణిని తెలుసుకోవాలి. ఇంటి బయట, కాలవల్లో ఉండే పెద్ద ఎర్రగోధుమ రంగు బొద్దింకను అమెరికన్ బొద్దింక అంటారు. నిజానికి దాని పుట్టిల్లు ఆఫ్రికా. ఓడలెక్కి లోకమంతా చేరింది. వంటింటి అరల్లో తిరిగే చిన్నది వేరే జాతి. పెద్దదానికి కావలసినవి చీకటి, తేమ, కుళ్లిన తిండి. ఒక్కో గుడ్ల సంచిలో 16 వరకు గుడ్లుంటాయి. ఒళ్లు అణచుకుని 3 మిల్లీమీటర్ల సందులోంచి కూడా దూరగలదు. కాలవ పొంగితే మునిగిపోకుండా పైకి వస్తుంది. తూములోంచి, గుమ్మం కింది సందులోంచి ఇంట్లోకి చేరుతుంది. మురుగులో నడిచిన కాళ్లతో అన్నం గిన్నె మీద పాకితే రోగక్రిములు అంటుకుంటాయి. దాని రెట్ట, రాలిన పొట్టు గాలిలో కలిస్తే ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం ఎక్కువవుతుంది. కాబట్టి కరుణ పేరు చెప్పి దాన్ని వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

మరి శీలం మాట? 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ అహింస మీద ప్రత్యేకంగా రాశారు. చంపాలనే కోరిక వేరు, చంపవలసిన అవసరం వేరు అన్నారు. బుద్ధుడు అహింసను సూత్రంగా చెప్పాడే గాని గుడ్డి నియమంగా విధించలేదని వివరించారు. పాలి అట్ఠకథలు కూడా ప్రాణిహింసకు ఐదు అంగాలు చెబుతాయి: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలనే తలంపు ఉండాలి, ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నం వల్ల ప్రాణం పోవాలి. తలంపుకు అంత చోటుంది. అయితే కొందరు "అవసరం" అన్న మాట దొరకగానే ఊపిరి పీల్చుకుని మందు సీసా తీస్తారు. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆ అవసరాన్ని తెచ్చిపెట్టింది ఎవరు?

దీనికి బుద్ధుడి బోధలోనే దారి ఉంది. దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో ఒక రాజు రాజ్యంలో దొంగలు పెరిగిపోతారు. చంపినా, బంధించినా మిగిలినవాళ్లు మళ్లీ పీడిస్తారని పురోహితుడు చెబుతాడు. రైతుకు విత్తనం, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇమ్మంటాడు. రాజు అలా చేశాక దొంగతనం తగ్గిపోతుంది. వర్షావాసం పుట్టుక కూడా ఇలాంటిదే. వానల్లో తిరుగుతూ భిక్షువులు పచ్చికను, చిన్న ప్రాణులను తొక్కేస్తున్నారని జనం తప్పుబట్టారు. అప్పుడు బుద్ధుడు చూసి నడవమని చెప్పి ఊరుకోలేదు. వానాకాలం ఒకచోటే ఉండమని జీవన పద్ధతినే మార్చాడు. హేతువు పోతే ఫలం పోతుందన్నది మనం రోజూ వినే ధమ్మమే.

అదే ధమ్మాన్ని వెనక సందులో పెట్టి చూడండి. గంజి, చేపల పొలుసు, మాడు మెతుకులు కాలవలో పోస్తాం. చెత్తడబ్బాకి మూత ఉండదు. కుళాయి కారుతూనే ఉంటుంది. గోడకానించి అట్టపెట్టెలు, గోనెలు పేరుస్తాం. అంటే రోజూ బొద్దింకకు అన్నం, నీళ్లు, ఇల్లు ఇచ్చి, ఆ తర్వాత చంపడం ధర్మమా అధర్మమా అని అడుగుతున్నాం. తూముకు సన్న వల బిగించండి. గుమ్మం కింద రబ్బరు పట్టీ వేయండి. గోడ బీటలు సిమెంటుతో మూయండి. రాత్రికి గిన్నెలు ఆరబెట్టండి. అప్పటికీ వచ్చేవాటికి బోరిక్ ఆమ్లం ఉండలు పెట్టవలసి వస్తే, పిల్లలకు, కుక్కలకు, కోళ్లకు అందని చోట పెట్టండి. కాలవలో మాత్రం పురుగుమందు పోయకండి. అది నీళ్లతో పోయి చెరువు చేపలను చంపుతుంది. సందులో చల్లిన మందుకు కొన్ని బొద్దింకలు పక్కింటికి పోతాయి. అది మనకు తెలిసి చేసే పనే అవుతుంది.

ఇక్కడ ఇంకో ప్రాణి సంగతి ఉంది. మొన్నటి వానల్లో మ్యాన్‌హోల్ మూత చుట్టూ బొద్దింకలు గుంపులు కట్టాయి. సందులో ఒక పెద్దాయన అన్నారు: "ఎవుడ్నో ఒకడ్ని దింపిత్తే సరి. నాలుగు డబ్బులిచ్చేద్దాం." చట్టం ఒప్పుకోదని చెప్పాను. "మనమేటి ఆఫీసోళ్లమా, చట్టం మనకేటప్పా?" అన్నారు. నేను న్యాయశాస్త్రం చదివింది ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం 7వ సెక్షన్, రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు గొట్టంలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. ఆ నిషేధం ఆఫీసులకే కాదు, ఏ వ్యక్తికైనా వర్తిస్తుంది. మొదటి నేరానికే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగులో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. 2014 తీర్పు సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులోనిది. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల ఊళ్లో ఒక తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు. మనలాంటి వలస కార్మికుల బిడ్డ.

ఆ రోజు ఎవరూ దిగలేదు. ఇంటికింత వేసుకుని, మురుగు తోడే బండిని పిలిపించాం. రెండు రోజులు ఆలస్యమైంది, వాసన భరించాం.

బొద్దింక ప్రాణం గురించి అంత సున్నితంగా అడిగే మనం, దాన్ని తీయడానికి విషవాయువులోకి దిగే మనిషి ప్రాణం గురించి ఎందుకు అడగం? రాజగృహంలో వీధులూడ్చే సునీతుడు గోడ వారకు ఒదిగి నిలబడితే, తథాగతుడే దగ్గరకు వెళ్లి సంఘంలోకి తీసుకున్నాడు. ఆ కథ చెప్పుకునే మన నోటితో "ఎవుడ్నో ఒకడ్ని దింపు" అన్న మాట రాకూడదు.

ఎన్ని చంపామన్న లెక్క కంటే, చంపవలసిన అవసరం ఈ ఏడు ఎంత తగ్గిందన్న లెక్క శీలానికి దగ్గరగా ఉంటుంది. వైశాఖ పౌర్ణమికి బుద్ధుడి పటం తుడిచి, ముంగిలి కడిగి, తోరణాలు కడతాం. వానలు ఆ వెనకే వస్తాయి. ఆ వారంలోనే ఒక పూట వెనక సందుకూ కేటాయిద్దాం. వలలు బిగిద్దాం, అట్టపెట్టెలు తీసేద్దాం, మూతలు సరిచూద్దాం. మెత్తా భావన చేసి లేచాక చేతులకు అంతకన్నా దగ్గరి పని లేదు.