చప్పుడు చెయ్యని పెట్టె

పిల్లలూ! సినిమాలు చూసేందుకు ఇంట్లో ఒక కంప్యూటరు అమర్చుకోవాలనుకోండి. మొట్టమొదట కావలసిందేమిటి? మా మనుమణ్ణి ఈ ప్రశ్న అడిగితే తడుముకోకుండా, "గ్రాఫిక్సు కార్డు, తాతయ్యా!" అన్నాడు. వాడు పదో తరగతి చదువుతున్నాడు. మీలోనూ చాలామంది అదే అంటారు. కాని మొట్టమొదట కావలసింది కొలబద్ద. దాన్ని కొననక్కర్లేదు. మీ పుస్తకాల సంచిలోనే ఉంటుంది.

ఇటువంటి యంత్రాన్ని హోం థియేటర్ కంప్యూటరు అంటారు. ఇదీ మామూలు కంప్యూటరే. అయితే చదువుకునే బల్ల మీద కాక టెలివిజను క్రింద ఉంటుంది. కీబోర్డుతో కాక రిమోటుతో నడుస్తుంది. "టెలివిజనుకు చిన్న కడ్డీ ఒకటి తగిలిస్తే సినిమాలు వస్తాయి గదా, ఇదంతా ఎందుకు?" అని మీ నాన్నగారు అడగవచ్చు. నిజమే, చాలా ఇళ్ళకు ఆ కడ్డీయే చాలు. మా ఇంటి సంగతి వేరు. పెళ్ళిళ్ళ వీడియోలు, బడి వార్షికోత్సవాలు, పాత సినిమాలు, ఫొటోలు, ఇవన్నీ ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క పద్ధతిలో దాచినవి, డజను పెన్‌డ్రైవుల్లో చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. అన్నిటినీ తెరవగల తాళంచెవి కంప్యూటరే.

ఇంకొక కారణం కూడా ఉంది. వాడి నాయనమ్మకు నాలుగేళ్ళుగా చెవులు సరిగా వినిపించవు. వినికిడి యంత్రం పెట్టుకుంటుంది. మా అబ్బాయి పాత కంప్యూటరును రెండేళ్ళు టెలివిజనుకు తగిలించి వాడాము. దాని పంకా బుర్రున తిరిగేది. మా చెవులకు అది కొద్ది రోజుల్లోనే అలవాటైపోయింది. ఆమె మాత్రం సినిమా పెట్టగానే ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి లేచిపోయేది. పిలిస్తే, "నాకు చూసినదేలే, మీరు చూడండి," అనేది. మేం నలుగురం హాల్లో నవ్వుతూ ఉండేవాళ్ళం, ఆమె వంటింట్లో ఒక్కర్తీ కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఉండేది.

ఎందుచేత? ఇది మీరు తెలుసుకోవలసిన సంగతి. తాత, పాత, కాత అని పైకి అనండి. మూడింటిలోనూ "ఆ" అనే అచ్చు గట్టిగా, సాగుతూ వినిపిస్తుంది. తేడా అంతా మొదటి హల్లులో ఉంది. ఆ త, ప, క అనేవి తెర చాటున తళుక్కుమన్నట్టు క్షణకాలం పలికి పోతాయి. వయసు మీదపడినప్పుడు చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నటి హెచ్చు స్వరాలు. హల్లుల బలమంతా చాలావరకు వాటిలోనే ఉంది. అంచేత పెద్దవాళ్ళకు మాట వినిపిస్తుంది, కాని ఏ మాటో తెలియదు. వినికిడి యంత్రం మాటనూ పెంచుతుంది, పంకా హోరునూ పెంచుతుంది. ఈ కాలపు యంత్రాలు ఎదురుగా వచ్చే ధ్వనిని పట్టి, ప్రక్కనుంచి వచ్చేదాన్ని తగ్గించగలవు. కాని మాటా హోరూ రెండూ టెలివిజను దగ్గరనుంచే వస్తూ ఉంటే పాపం అదేం చేస్తుంది?

కాబట్టి మా లెక్క ఇది: నలభై వేల రూపాయలు దాటకూడదు, పెట్టె నోరెత్తకూడదు. మిగతావన్నీ ఆ తరవాత.

చప్పుడు పోవాలంటే పంకా పోవాలి. పంకా పోవాలంటే వేడి పోవాలి. కంప్యూటరు తినే కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. పూర్వం మన ఇళ్ళల్లో వెలిగిన 60 వాట్ల గాజుబల్బును ముట్టుకుంటే చెయ్యి కాలేది. బల్ల కంప్యూటర్లలో వాడే ప్రాసెసర్లలో 65 వాట్లవి చాలా ఉన్నాయి. అంటే అరచేతిలో పట్టే బిళ్ళలో ఆ బల్బంత వేడి పుడుతుందన్నమాట. గ్రాఫిక్సు కార్డు పెడితే దానికి ఇంకా ఎన్నో రెట్లు.

"కార్డు లేకపోతే 4కె బొమ్మ ఎట్లా వస్తుంది?" అన్నాడు మనుమడు. మంచి ప్రశ్న. కాగితం తెమ్మన్నాను. మీరూ లెక్కకట్టండి. 4కె తెరమీద అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 82,94,400. చుక్క ఒక్కింటికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు బైట్లు. అంటే ఒక్క బొమ్మకు 2,48,83,200 బైట్లు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. వెరసి సెకనుకు సుమారు 60 కోట్ల బైట్లు! రెండు గంటలకు, అనగా 7,200 సెకన్లకు, నాలుగు లక్షల ముప్ఫై వేల కోట్లు. కాని 4కె బ్లూరే పళ్ళెంలో పట్టేది ఎక్కువలో ఎక్కువ పదివేల కోట్లు. మరి నలభైమూడు గంపల ధాన్యం ఒక గంపలో ఎట్లా పట్టింది?

చూడండి, తెరమీద రాజుగారు మాట్లాడుతున్నప్పుడు ఆయన పెదవులూ కళ్ళూ కదులుతాయి. వెనకనున్న స్తంభాలు కదలవు. అంచేత ప్రతి బొమ్మనూ మొత్తం వ్రాయకుండా, ముందు బొమ్మకూ దీనికీ ఉన్న తేడానే వ్రాసి పెడతారు. ఇట్లా కుదించే పద్ధతుల్లో హెచ్.264 అనేది 2003లోనూ, హెచ్‌ఈవీసీ 2013లోనూ, ఏవీ1 2018లోనూ వచ్చాయి. కొత్తది వచ్చినకొద్దీ కుదింపు ఎక్కువ, విప్పటం కష్టం. ప్రాసెసరు ఈ ముడిని తన సాధారణ తెలివితో విప్పబోతే చెమటలు పడతాయి. కాని ఈనాటి ప్రాసెసర్లలో ఇందుకోసమే ఒక ప్రత్యేకమైన మూల ఉంటుంది. పన్నెండో ఎక్కం కంఠతా వచ్చిన పిల్లవాడూ, వేళ్ళమీద లెక్కించే పిల్లవాడూ మీ తరగతిలో ఉన్నారు గదా! ఇద్దరికీ జవాబు ఒకటే వస్తుంది, ఆయాసపడేది ఒక్కడే. సినిమాకు కావలసింది కండలు కాదు, కంఠతా వచ్చిన ఎక్కం. ప్రాసెసరు కొనేముందు అది ఈ మూడు పద్ధతులనూ స్వయంగా విప్పగలదా అని అడగండి. మిగతా గొప్పలు తరవాత వినవచ్చు.

మేము ఎంచుకున్నది 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100. దానికి నిర్ణయించిన విద్యుత్తు 6 వాట్లు. పైన అల్యూమినియం రెక్కల దిమ్మ ఒకటి ఉంటుంది, పంకా లేదు. దీనికి మా మనుమడు ఒక అభ్యంతరం చెప్పాడు. "తాతయ్యా, ఈ చిప్పు బోర్డుకు అతికించి ఉంది. రేపు ఇంకా మంచిది కావాలంటే బోర్డంతా పారెయ్యాలి," అన్నాడు. వాడి మాట న్యాయమైనదే. వాడి సొంత కంప్యూటరుకైతే ఇటువంటిది కొనవద్దనే చెబుతాను. ఈ పెట్టె చెయ్యవలసిన పని మాత్రం పదేళ్ళయినా ఒక్కటే. అయినా పెద్దవాళ్ళ మాటే చెల్లాలన్న నియమం లేదు కనుక, పెట్టె విషయంలో వాడి షరతు ఒకటి ఒప్పుకున్నాను. అదేమిటో చెబుతాను.

ఇక్కడే కొలబద్ద పని వచ్చింది. టెలివిజను క్రింద ఉన్న కొయ్యగూడు వెడల్పు 46 సెంటీమీటర్లు, లోతు 30, ఎత్తు 14. బోర్డుల్లో ఏటీఎక్స్ అనేది 305 మిల్లీమీటర్ల పొడవూ 244 వెడల్పూ ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ 244 చొప్పున చదరం. మినీ ఐటీఎక్స్ 170 చొప్పున చదరం. మాది ఈ చివరి రకం. లోతు 30 సెంటీమీటర్లు ఉంది గదా అని 30 సెంటీమీటర్ల పెట్టె కొన్నారో, చిక్కులో పడ్డారే! టెలివిజనుకు పోయే హెచ్‌డీఎంఐ తీగ వెనకనుంచి బయటికి వస్తుంది. దాని మెడ విరగకుండా వంగటానికి అయిదారు సెంటీమీటర్లు వదలాలి. గాలికి కూడా అదే దారి. అంచేత 24 సెంటీమీటర్లకు మించని పెట్టె కావాలని కాగితంమీద వ్రాసుకుని సికిందరాబాదు వెళ్ళాము. అక్కడ పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు అని కంప్యూటరు సామాన్ల బజారు ఉంది. ఒకదాన్ని మించి ఒకటి, అద్దాల పెట్టెలు, రంగుదీపాల పంకాలు! మనుమడి కాళ్ళు ప్రతి అద్దం ముందూ ఆగిపోయాయి. పెట్టె చప్పుడు విందామని వాడు చెవి ఆనించి చూశాడు గాని, ఆ సందడిలో ఎద్దు రంకె వేసినా వినపడదు. చప్పుడు సంగతి బజారులో తేలదు. కాగితంమీద తేల్చుకుని వెళ్ళాలి.

అల్యూమినియం పెట్టె కొన్నాము. క్రింద నాలుగు కాళ్ళు, అడుగునా మూతలోనూ చిల్లులు. వేడెక్కిన గాలి తేలికై పైచిల్లుల్లోనుంచి పోతుంది, దాని చోటులోకి క్రిందినుంచి చల్లగాలి వస్తుంది. వంటింటి పొగగొట్టం చేసే పనే ఇదీ. మనుమడి షరతు ఏమిటంటే, మూత క్రింద 120 మిల్లీమీటర్ల పంకా పట్టే చోటు ఉండాలి. మా తెనాలిలో మే నెల ఎండలు వాడికి తెలుసు! పెద్ద పంకా ఎందుకంటారా? తాటాకు విసనకర్ర మెల్లగా ఊపినా గాలి వస్తుంది. పోస్టుకార్డుతో అంత గాలి రావాలంటే చెయ్యి పడిపోయేట్టు టపటపలాడించాలి. చిన్న పంకా చేసే గోల ఆ టపటపే.

చిల్లులతో తంటా ఒకటుంది. చీమలకూ బల్లిపిల్లలకూ వెచ్చటి చోటంటే ఇష్టం. అడుగు చిల్లులకు సన్నని వల బిగించాము. నెలకోసారి దుమ్ము దులపాలి.

కరెంటు మార్చే పరికరంలోనూ పంకా ఉంటుందని చాలామంది మరచిపోతారు. ఇంట్లో వచ్చే 230 వోల్టుల కరెంటును అది 12, 5, 3.3 వోల్టులకు దించుతుంది. మేము లాప్‌టాపులకు ఉండేటటువంటి నల్లటి అడాప్టరు తీసుకున్నాము. పంకా లేదు, దాని వేడి పెట్టె బయటే ఉండిపోతుంది. జ్ఞాపకశక్తి 8 జీబీ చాలు.

ఇక సినిమాలు దాచే డిస్కు. తిరిగే డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది, అనగా సెకనుకు 120. దాన్ని కొయ్యగూట్లో పెడితే ఏమవుతుందో వీణ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తీగ సన్నగానే మోగుతుంది, కుండ దాన్ని పెద్దది చేస్తుంది. మా గూడు కుండ కాకూడదని, కదిలే భాగాలు లేని ఎస్సెస్డీ పెట్టాము. తిరిగే డిస్కు కూడా ఒకటి కొన్నాము గాని అది బీరువాలో ఉంటుంది. నెలకోసారి తీసి అన్నిటికీ నకలు వ్రాసుకుని మళ్ళీ లోపల పెడతాము. అన్నట్టు, 1956లో ఐబీఎం కంపెనీ చేసిన మొదటి డిస్కు యంత్రంలో రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. మీ ఫోను ఫొటోలు ఒకటి రెండింటికే అది నిండిపోయేది!

బిగించటమంతా మనుమడే చేశాడు. సినిమాలను వరసగా చూపించే కోడి అనే ఉచిత సాఫ్ట్‌వేరు కూడా వాడే ఎక్కించాడు. 2002లో పుట్టిన దానికి ఆ పేరు 2014లో పెట్టారు. మన కోడికీ దానికీ సంబంధం లేదు. రిమోటు ఒక పూట మమ్మల్ని ఏడిపించింది. గూడు తలుపు మూస్తే పని చెయ్యదు. రిమోటు ముక్కునుంచి వచ్చేది కంటికి కనిపించని పరారుణ కాంతి, అది చెక్కను దాటదు. మీరూ పరీక్షించవచ్చు. రిమోటు ముక్కును ఫోను కెమేరా ఎదుట పెట్టి మీట నొక్కితే, చాలా ఫోన్లలో మినుకుమినుకుమంటూ వెలుగు కనిపిస్తుంది. మేము తలుపే ఊడదీశాము. గాలికీ మంచిదే.

రాత్రి పదిగంటలకు వీధి సద్దుమణిగాక "మాయాబజార్" పెట్టాము. 1957 నాటిది గదా, బొమ్మ ఇంచుమించు చదరంగా ఉండి అటూ ఇటూ నల్లగా మిగులుతుంది. తెలుగులో అడ్డంగా సాగిన సినిమాస్కోపు బొమ్మ 1974లో "అల్లూరి సీతారామరాజు"తో వచ్చింది. తెర నిండాలని పాత బొమ్మను సాగదీయకండి, మనుషులందరూ పొట్టిగా లావుగా అయిపోతారు. ధ్వని కూడా ఒక్క ధారే. చుట్టూ అయిదు స్పీకర్లు అక్కర్లేదు. టెలివిజను క్రింద మధ్యలో మంచిది ఒక్కటి పెట్టాము. మాట సూటిగా వస్తుంది.

వాడి నాయనమ్మ ఎప్పటిలాగే వంటింటి గడపలో నిలబడింది. "ఇంకా పెట్టలేదూ యంత్రం?" అంది. "పేర్లు కూడా అయిపోయాయి నాయనమ్మా!" అన్నాడు వాడు. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒకచోట వాడికి మాట అర్థం కాకపోతే ఆమే విడమరచి చెప్పింది. రెండు గంటల తరవాత ప్రాసెసరు వేడి చూస్తే 61 డిగ్రీలు. అది 105 దాకా తట్టుకుంటుంది. మే నెలలో మూత క్రింద పంకా బిగించే సంగతి అప్పుడు చూడాలి.

మర్నాడు మనుమడు టెలివిజను వెనక రంగుదీపాల పట్టీ ఒకటి అతికించాడు, అయిదువందలు పెట్టి. ఖర్చు నలభై వేలలోనే ఉంది. నేను ఏమీ అనలేదు. దీపం చప్పుడు చెయ్యదు గదా!