రేటు ఏడుంది బిడ్డా?

ఇంటర్నెట్‌లో 'మోకిల' అని కొట్టి చూడండి. వరుసగా విల్లాల బొమ్మలు, ప్లాట్ల బొమ్మలు వస్తాయి. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ ఇక్కడ ప్లాట్లు వేలం వేసినప్పుడు చదరపు గజం గరిష్ఠంగా లక్ష రూపాయలు దాటి పలికింది. ఆ ప్లాట్లు అమ్మేవారి వెబ్‌సైట్లు చూస్తే కళ్ళు చెదురుతాయి. అదే మోకిల నుంచి శంకర్‌పల్లి, చేవెళ్ళ, మొయినాబాద్ వైపు చామంతి, గులాబీ, బంతి పండించేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ ఊసు మాత్రం అక్కడ కనబడదు. ఈ మాట హాస్టల్‌లో ఒక రాత్రి భోజనాల దగ్గర వచ్చింది. అక్కడి నుంచే మా ప్రాజెక్టు మొదలైంది.

మేము ముగ్గురం డిగ్రీ కంప్యూటర్స్ విద్యార్థులం. మాలో ఒకరి నాయన అర ఎకరం కౌలుకు తీసుకొని చామంతి వేస్తాడు. సాయంత్రం పూలు తెంపి, తెల్లవారకముందే ట్రాలీ ఆటోలో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరుస్తాడు. అక్కడ కమీషన్ ఏజెంటు చెప్పిందే రేటు. శ్రావణమాసంలో, బతుకమ్మ రోజుల్లో రేటు లేస్తుంది, మూఢం వస్తే పడిపోతుంది. ఎంత పడిందో తెలిసేది మాత్రం పూలు అక్కడికి చేరిన తరువాతే. పడిందని తిరిగి తీసుకురావడానికి పూలేమీ వడ్ల బస్తాలు కావు కదా! అందుకే పూల రేట్లు చూపే వెబ్ పేజీ ఒకటి చేద్దామనుకున్నాము. నిజం చెప్పాలంటే స్టార్టప్ పెట్టి పేరు తెచ్చుకోవాలనే ఆశ కూడా లోపల ఉంది.

నెల రోజులు రాత్రిళ్ళు కూర్చొని పేజీ తయారుచేశాము. పైన స్క్రీన్ నిండా గులాబీ తోట ఫోటో. బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి జరుగుతూ ఉంటాయి. మూలన మూడు గీతలు, వాటిని నొక్కితే మెనూ. అన్నీ ఇంగ్లీషులోనే. కాలేజీలో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. దసరా సెలవులకు వెళ్ళి మా మిత్రుని నాయనకు చూపించాము. పొలంలో సిగ్నల్ అంతంత మాత్రం. గులాబీ ఫోటో సగం వరకు వచ్చి ఆగింది. ఆయన ఓపికగా ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. చివరకు అది పూర్తిగా వచ్చాక, "బొమ్మ మంచిగున్నది. రేటు ఏడుంది బిడ్డా?" అన్నాడు.

"ఆ మూడు గీతలు ఒత్తు నాయనా" అన్నాడు మావాడు.

"గీతలా? అద్దం మీద గీకలు పడ్డయనుకున్న."

మాకు నవ్వు వచ్చింది, తరువాత సిగ్గేసింది. మూడు గీతలంటే మెనూ అని ఆయనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆయన అడిగినది పేజీలో అన్నింటికంటే అడుగున ఉంది. ఎవరూ అడగని గులాబీ బొమ్మ అన్నింటికంటే పైన ఉంది.

హాస్టల్‌కు వచ్చి పేజీని తెలుగులోకి మార్చాము. ఇక్కడ ఇంకో చిక్కు. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. 'క్వింటాల్' కింది వత్తు, 'గుడిమల్కాపూర్' కింది వత్తు పోయి కింది వరుస నెత్తికి తగిలాయి. వరుసల మధ్య ఎడం పెంచాము. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన 'మండలి' ఫాంటు తీసుకున్నాము. ఇప్పుడు ఇది ఐదు నిమిషాల పని. కానీ 2000 ప్రాంతంలో తెలుగు పత్రికల సైట్లలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఫాంటు. అది మన కంప్యూటర్‌లో లేకపోతే తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనబడేవి. యూనికోడ్, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన 'గౌతమి' ఫాంటు వాడుకలోకి వచ్చాక ఆ బాధ మెల్లగా తగ్గింది.

మన అక్షరాలు పెద్ద పెద్దవాళ్ళనే ముప్పుతిప్పలు పెట్టాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక పద్ధతిలో టైపు చేసి పంపితే, అది అందుకున్న ఐఫోన్‌లో మెసేజుల యాప్ ఆగిపోయేది. యాపిల్ కంపెనీ అదే నెలలో 11.2.6 అనే సవరణ విడుదల చేసి సరిదిద్దింది. కోట్ల మంది రాసే అక్షరాన్ని ఎవరో ముందుగా సరిగ్గా పరీక్షించి ఉంటే ఆ గొడవే లేకపోను. యాపిల్‌ను అనడమెందుకు, చామంతి రైతు కోసం పేజీ చేసి చామంతి రైతుకే చూపించని ఘనులం మేము!

అప్పుడే రెడ్‌బస్ గురించి చదివాము. మన తెలంగాణవాడైన ఫణీంద్ర సామ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయాడు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ఒక ఏజెంటుకు తెలిసినది ఇంకొకరికి తెలియదు. ఆయన, మిత్రులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి కలసి 2006లో రెడ్‌బస్ పెట్టారు. 2013లో ఇబిబో గ్రూపు దానిని కొన్నది. 2018లో ఫణీంద్ర తెలంగాణ రాష్ట్రానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యారు. అందరూ కొన్న ధర గురించే మాట్లాడతారు. మాకు నచ్చింది వేరు. వాళ్ళు బస్సుల వాళ్ళ దగ్గరకు, ఏజెంట్ల దగ్గరకు వెళ్ళి ఆ వ్యాపారం ఎట్లా నడుస్తుందో అడిగి తెలుసుకున్నారు. మేము మాత్రం గులాబీ ఫోటో కోసం రెండు రోజులు వెతికాము.

ఇప్పుడు మా పేజీలో ఒక్క ఫోటో కూడా లేదు. తెల్లటి స్క్రీన్ మీద ఐదు పూల పేర్లు, పక్కన పెద్ద అంకెల్లో రేట్లు, ఏ రోజు ఎన్ని గంటలవో ఆ వివరం. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా తెరుచుకుంటుంది. రేట్లు ఎక్కడి నుంచి వస్తాయంటారా? మా మిత్రుని నాయన, ఆయనతో ఆటోలో వచ్చే ఇంకో ఇద్దరు రైతులు మార్కెట్ నుంచి ఫోన్ చేసి చెబుతారు. తెల్లవారుజామున లేచి అంకెలు మార్చే వంతు మా ముగ్గురిది. చలికాలంలో ఆ వంతు కోసం జరిగే తగాదాలు వార్డెన్ గారికి బాగా తెలుసు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మళ్ళీ చూపించాము. ఈసారి ఆయన వెంటనే చదివాడు. తల ఊపి, "ఇయ్యాల్టి రేటు నేను చూసే వచ్చిన గదా. సాయంత్రం పూలు తెంపాల్నా వద్దా, రేపటి రేటు చెప్తదా ఇది?" అన్నాడు.

మేము ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాము. పోయిన సంవత్సరం రేట్లు రాసి పెట్టుకున్నవారెవరైనా ఉన్నారా అని అడిగితే, పక్క చేను వాళ్ళ ఇంట్లో ఒక పాత నోట్‌బుక్ ఉందన్నారు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు మా గదిలో ఉంది. ఎక్కించడం ఇంకా శ్రావణం దాకా రాలేదు.