ద్వీపంలో లెక్కల టీచరు

మాల్దీవులు అనగానే మనకేం గుర్తొస్తాయి? నీళ్ల మీద కర్రల కుటీరాలు, సినిమా తారల సెలవుల ఫొటోలు, కొత్తగా పెళ్లయిన జంటలు... అంతేగా! నిజానికి ఆ దేశంలో ఉన్న 1190 పైచిలుకు దీవుల్లో స్థానికులు ఊరు కట్టుకుని ఉంటున్నవి రెండొందల లోపే. మనం ఫొటోల్లో చూసే రిసార్టులన్నీ వేరే దీవుల్లో ఉంటాయి. ఊళ్లున్న దీవుల సంగతి వేరు. అక్కడో మసీదు, ఓ ఆరోగ్య కేంద్రం, పడవల రేవు, నాలుగు కిరాణా కొట్లు, ఓ బడి. ఆ బడిలో ఎక్కువసార్లు మనదేశం నుంచి వెళ్లిన టీచరు.

అలాంటి ఓ బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతున్న అమ్మాయిది మన మలక్‌పేట. వయసు ఇరవై ఏడు. పేరు రాయొద్దంది. సరే, ద్వీపం పేరు రాసుకుంటానంటే అదీ వద్దంది. ‘‘ఏడొందల మంది ఉన్న ఊళ్లో తెలుగు లెక్కల టీచరంటే ఇంకెవరుంటరక్కా? పేరు దాచి ఊరు రాస్తే ఏం ఫాయిదా?’’ అని నవ్వింది. అదీ నిజమే. కాబట్టి ఈ కథనంలో ఆమె ‘మిస్’. పిల్లలు పిలిచేదీ అలాగే.

ఉల్లిబస్తాల మధ్య ప్రయాణం

హైదరాబాద్ నుంచి కొచ్చి మీదుగా మాలె చేరాను. విమానం దిగేదే ఓ దీవి మీద. పేరు హుల్హులే. ఒకప్పుడు విమానం దిగి రాజధానికి వెళ్లాలంటే పడవ ఎక్కాల్సిందే. 2018లో వంతెన వచ్చాక బస్సులూ ట్యాక్సీలూ నడుస్తున్నాయి. మాలె ఊరు చూస్తే మన చాదర్‌ఘాట్ చౌరస్తాని సముద్రం మధ్యలో పెట్టారా అనిపిస్తుంది. స్కూటర్లు, ఇరుకు సందులు, మీదికి లేచిన మేడలు. అక్కణ్నుంచి చిన్న విమానం, ఆ తర్వాత స్పీడుబోటు.

బోటులో నా పక్కన ఓ కొత్త ఫ్రిజ్, నెలల బిడ్డతో ఓ తల్లి, రెండు ఉల్లిగడ్డల బస్తాలు. ఆ పగడపు దిబ్బల ఇసుక నేలలో వరి పండదు, ఉల్లి పండదు. బియ్యం, పంచదార, గుడ్లు, ఉల్లి... అన్నీ బయటినుంచి రావాల్సిందే. 1981లో కుదిరిన వాణిజ్య ఒప్పందం కింద మనదేశం వాళ్లకోసం ఏటా కొంత సరుకు విడిగా కేటాయిస్తూ వస్తోంది. 2024-25కి అనుమతించినవి 35 వేల టన్నులకు పైగా ఉల్లి, 42 కోట్లకు పైగా కోడిగుడ్లు. 2023లో మన దగ్గర ధరలు మండి, ఉల్లి ఎగుమతుల్ని ఆపేసినప్పుడూ వాళ్లకి మాత్రం పంపాం.

ఈ ఉల్లి ప్రస్తావన ఎందుకంటే, మిస్ వాళ్ల నాన్న మలక్‌పేట గంజ్‌లో ఓ ఉల్లిగడ్డల కమీషన్ దుకాణంలో గుమాస్తా. ఇంట్లో అన్నం తిన్నదంతా ఉల్లి లెక్కల మీదే. రేవులో బస్తాలు దించుతుంటే మిస్ దగ్గరికెళ్లి, ఓ గడ్డ తీసి నొక్కి చూసి, ‘‘నాసిక్ మాల్’’ అని తేల్చేసింది. నాకు కనిపించిన మొదటి దృశ్యం అదే.

ఒకటి అంటే ‘హా’

ఊరు చుట్టి రావడానికి ఇరవై నిమిషాలు చాలు. సన్నటి ఇసుక వీధులు, పగడపు రాళ్లతో కట్టిన పాత గోడలు, వాటి పక్కనే సిమెంటు ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ ఇనప చట్రానికి తాళ్ల వల కట్టిన కుర్చీలు. వాటిని ‘జోలి’ అంటారు. మన పసిపిల్లల జోలెలోలాగే అందులో కూలబడిపోవడమే. ఊరు మొత్తానికి ఎత్తయిన చోటెక్కడా అని వెతికాను. లేదు! దేశంలోనే అత్యంత ఎత్తయిన సహజ ప్రదేశం సముద్రమట్టానికి రెండున్నర మీటర్లు దాటదు. సముద్రం పెరిగితే మా గతేమిటని ప్రపంచానికి చెప్పడానికి 2009లో ఆ దేశ మంత్రివర్గం నీళ్ల అడుగున సమావేశమైంది గుర్తుందా? ఆ ఫొటో బడి గోడ మీదా ఉంది.

బడి పొద్దున ఏడింటికల్లా మొదలవుతుంది. వారాంతం శుక్ర, శనివారాలు. ఇస్లాం, దివెహి భాష స్థానికులు చెబుతారు. మిగిలిన పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో. పెద్ద తరగతుల పిల్లలు కేంబ్రిడ్జి, ఎడెక్సెల్ వారి ఓ-లెవెల్ తరహా పరీక్షలు రాస్తారు. లెక్కలు, సైన్సు, కామర్సుకి టీచర్లు చాలక అరవ, మలయాళ, తెలుగు నేలల నుంచి ఏళ్లుగా రప్పించుకుంటున్నారు. విదేశీయుల్ని కాంట్రాక్టు మీద తెచ్చుకోవడం ఆ దీవులకు కొత్తేం కాదు లెండి. 1343లో అక్కడికెళ్లిన యాత్రికుడు ఇబ్న్ బతూతాని పట్టుకుని ఖాజీని చేశారు. ఏడాది తిరిగేసరికి పెద్దలతో పేచీ వచ్చి ఆయన పడవెక్కేశాడు!

మిస్ అంతకంటే నయం. మూడేళ్లుగా ఉంటోంది. దివెహి నేర్చుకుంది, అదీ లెక్కల దారిలో. వాళ్ల లిపి పేరు ‘తాన’. కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందులో మొదటి తొమ్మిది అక్షరాలూ అరబ్బీ అంకెల నుంచి పుట్టినవే. ఒకటి ‘హా’, రెండు ‘షవియని’, మూడు ‘నూను’... ‘‘నాకు అక్షరాలు రావు, అంకెలొస్తయి కదా. రెండు వారాల్లో బోర్డులన్నీ చదివేసిన’’ అంది గర్వంగా. దేశంలోని పగడ దీవుల సముదాయాలకూ వరుసగా ఈ అక్షరాలే పేర్లు. థాంక్స్ చెప్పాలంటే ‘షుకురియ్యా’. మలక్‌పేటలో పుట్టినవాళ్లకి దాన్నీ ఎవరూ నేర్పక్కర్లేదు.

‘‘పొద్దుగాల అజాన్ వినబడ్తే ఓ నిమిషం అక్బర్‌బాగ్‌ల ఉన్నట్టే ఉంటదక్కా. ఆ తర్వాత లోకల్ రైలు కూత వినబడదు. అప్పుడు తెలివొస్తది.’’ ఆమెకు ఇంకోటి కూడా వింతే. అక్కడ కుక్కలుండవు! పోలీసుల దగ్గర తప్ప దేశంలోకే రానివ్వరు. గంజ్ వెనక సందులో రాత్రంతా కుక్కల గోల మధ్య పడుకున్న పిల్లకి మొదట్లో ఆ నిశ్శబ్దానికే నిద్రపట్టలేదట. పూజించే విగ్రహాలు తేవడం కూడా అక్కడి కస్టమ్స్ నిషేధాల జాబితాలో ఉంది. అమ్మ పెట్టెలో సర్దిన లక్ష్మీదేవి ప్రతిమ శంషాబాద్ నుంచే ఇంటికి తిరిగెళ్లింది. గది తలుపు వేసుకుని, ఫోనులో ఉన్న పటానికి దణ్నం పెట్టుకుంటుంది. దాని గురించి ఫిర్యాదేమీ చేయలేదు. అడిగితే చెప్పింది, అంతే.

పాఠం చెప్పిన పిల్లలు

బడి అయిపోయాక ఏం చేస్తారు? సినిమా హాలు లేదు, మాల్ లేదు, మిర్చి బజ్జీల బండి లేదు. మొదటి నాలుగు నెలలు మిస్ గదిలో కూర్చుని అమ్మకు వీడియో కాల్ చేయడం, ఏడవడం... అదే కాలక్షేపం. సముద్రాన్ని అంతకుముందు ఒక్కసారే చూసింది, విశాఖలో, కాలేజీ టూరప్పుడు. పిక్కల దాకా తడిసి వెనక్కొచ్చేసిందట.

ఓ శుక్రవారం తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు గది తలుపు కొట్టారు. ‘మిస్‌కి ఈత రాదు’ అన్న సంగతి ఊళ్లో అప్పటికి పెద్ద వార్త. అక్కడ నడకా ఈతా దాదాపు ఒకేసారి వచ్చేస్తాయి మరి. చేయి పట్టుకుని తీసుకెళ్లారు. ఊళ్లున్న దీవుల్లో స్థానిక మహిళలు ఒళ్లంతా కప్పుకునే నీళ్లలోకి దిగుతారు. మిస్ కూడా ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కాతో దిగింది. ఒడ్డుకీ పగడపు దిబ్బకీ మధ్య నడుంలోతు నీళ్లు, అడుగున ఇసుక కనిపిస్తూ ఉంటుంది. ‘మిస్, కాళ్లు బిగించొద్దు. మిస్, ఆకాశం చూడు. మిస్, మేం పట్టుకున్నాం.’ బోర్డు దగ్గర తాను ఎలా మాట్లాడుతుందో అచ్చం అలాగే మాట్లాడారట. ‘‘క్లాసుల సమీకరణం రాని పిల్లను చూసి నాకెట్ల అనిపిస్తదో, ఆళ్లకు నన్ను చూస్తే గట్లనే అనిపించుంటది. ఆ పిల్ల మీద మల్ల ఎప్పుడూ కోపం చేయలే’’ అంది. ఆ పిల్ల అంటే, నలుగురిలో చిన్నది. లెక్కల్లో వెనక, నీళ్లలో అందరికన్నా ముందు.

నేను వెళ్లిన రోజు చూశాను. మిస్ వెల్లకిలా తేలుతోంది, కళ్లు మూసుకుని. చీరమేను సైజు చేపల గుంపు ఆమె పక్కనుంచి పోయింది. కాస్త దూరంలో నీటి రంగు లేత పచ్చ నుంచి ముదురు నీలానికి ఒక్కసారిగా మారిపోతుంది. దిబ్బ అంచు అది. దాని అవతల లోతు ఎంతో! అక్కడికి మాత్రం పిల్లలు ఆమెను ఇంకా పోనివ్వడం లేదు.

సాయంత్రం ఎండ తగ్గాక ఆడవాళ్ల ఆట మొదలవుతుంది. పేరు ‘బషి’. టెన్నిస్ రాకెట్ పట్టుకున్నామె వలకు వీపు పెట్టి నిలబడి, బంతిని తల మీదుగా వెనక్కి కొడుతుంది. అవతలి జట్టు చేతులతో పట్టుకోవాలి. బంతి గట్టిగా తగిలి వేళ్లు వాచిపోతాయి. పూర్వం కొబ్బరాకులతో అల్లిన బంతులుండేవట. నర్సులు, అమ్మలు, బడి వంటావిడ... అరుపులే అరుపులు. మిస్ క్యాచ్ వదిలేస్తే తొమ్మిదో తరగతి పిల్లలే వెక్కిరిస్తారు. ఆట తర్వాత ‘హెదికా’, అంటే టీతో తినే చిరుతిళ్లు. దాదాపు అన్నిట్లోనూ ట్యూనా చేప! పొద్దున టిఫినూ అదే... కొబ్బరి కోరు, ఉల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసంతో కలిపిన ‘మస్‌హుని’, రొట్టె. చేప తీసేసి చూస్తే మన కొబ్బరి పచ్చడికి దూరపు చుట్టమే. మలక్‌పేట నుంచి తెచ్చుకున్న గొడ్డు కారం సీసా పక్కనుంటే సొంత చుట్టమే అయిపోతుంది.

చిల్లిగవ్వ

ఇంతవరకూ విన్నవాళ్లకు ఈ ఉద్యోగం వరంలా కనిపించవచ్చు. కానీ ఆమె అక్కడికి వెళ్లింది తేలడానికి కాదు. హైదరాబాద్‌లో ప్రైవేటు బళ్లో వచ్చిన జీతానికి మూడు రెట్లకు పైగా వస్తుందని వెళ్లింది. ఏజెంటుకు కట్టడానికి అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి. తమ్ముడు ఇంజినీరింగ్ చివరి ఏడాది. నెలనెలా డబ్బు ఇంటికి చేరితేనే లెక్క కుదురుతుంది.

చిక్కంతా ఆ చేరడంలోనే ఉంది. జీతం వచ్చేది రుఫియాల్లో. దాన్ని డాలర్లుగా మారిస్తేనే దేశం దాటుతుంది. పర్యాటకం, చేపల మీద బతికే ఆ దేశంలో దిగుమతుల ఖర్చు ఎక్కువ, డాలర్లు కరువు. అందుకే ప్రవాసులు నెలకు ఇంతకు మించి పంపకూడదని బ్యాంకు పరిమితి పెట్టింది. 2025 అక్టోబరులో అది 400 డాలర్ల నుంచి 150కి పడిపోయింది. మన రూపాయల్లో దాదాపు 35 వేలు కాస్తా 13 వేలు! ఖాతాలో జీతం పడుతూనే ఉంది, ఇంటికి మాత్రం వెళ్లదు. అధికారిక ధర డాలరుకు 15.42 రుఫియాలు. బయట కొనాలంటే అంతకు చాలా ఎక్కువ, పైగా చట్టవిరుద్ధం. కేరళ టీచర్లూ నర్సులూ ఆందోళనకు దిగారు, వినతులు రాశారు. మిస్ తమ్ముడి ఆఖరి ఫీజు కోసం నాన్న దుకాణం సేటు దగ్గర చేబదులు తీసుకున్నారు.

ఒకప్పుడు ప్రపంచానికి డబ్బు పంపిన దీవులివి. అవునండీ, మన పెద్దలు ‘చిల్లిగవ్వ లేదు’ అంటారే, ఆ గవ్వలు వందల ఏళ్లపాటు మాల్దీవుల నుంచే ఓడల్లో బెంగాల్ చేరి, అక్కడ చిల్లర నాణేలుగా చలామణి అయ్యాయి. ఈ మాట చెబితే మిస్ చాలాసేపు నవ్వింది. గదిలో కిటికీ గూట్లో నాలుగు గవ్వలున్నాయి. అష్టాచెమ్మా ఆడుకోవడానికి ఏరినవి. కేరళ సైన్సు టీచరుకు, ఆ నలుగురు పిల్లలకు ఆట నేర్పింది. పట్టం ఇసుకలోనే వేలితో గీస్తారు.

కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ గవ్వల కిందే ఉంది. సంతకం కాలేదు. అమ్మ రమ్మంటోంది, సంబంధాలున్నాయట. తమ్ముడు ఇంకో ఏడాది ఉండమంటున్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఫోనులో ఉల్లి ధర చెప్పి పెట్టేశాడు. మిస్ నోటుపుస్తకంలో రెండు వరుసల్లో ఏవో అంకెలు వేసుకుంది. ఖాతాలో ఆగిపోయిన రుఫియాలు ఒకవైపు, ఇంటి బాకీ ఇంకోవైపు.

‘‘లెక్క తేలిందా?’’ అనడిగాను.

‘‘లెక్క తేలిందక్కా. ఉంటే నష్టం.’’

మరి సంతకం చేయకుండా ఉండటానికి ఇంకేం అడ్డమని అడిగేలోపే బయట సైకిల్ గంటలు. నలుగురూ వచ్చేశారు. ఆటుపోటు చూసుకుని వచ్చారు, నీళ్లు ఇప్పుడే సరిగ్గా ఉన్నాయట. మిస్ పుస్తకం మూసి, తువ్వాలు భుజాన వేసుకుంది. ఈ శుక్రవారం దిబ్బ అంచుదాకా తీసుకెళ్తామని మాటిచ్చారు మరి.