చలి అడిగే చెట్టు

కాలిఫోర్నియాలో ఉండే నా ఎం.ఎస్. క్లాస్‌మేట్ ఏటా నవంబరులో తన పెరట్లో కాసిన పెర్సిమన్ పండ్ల ఫొటో పంపుతాడు. ఆకులు రాలిన కొమ్మల నిండా నారింజ రంగు పండ్లు. "మలేషియాలో పుల్ల గుచ్చినా చిగురిస్తుంది కదరా, నువ్వూ ఒకటి వెయ్యి" అంటాడు.

చిగురిస్తుంది, కాయదు. ఆ చెట్టు చలిలో కొన్నాళ్లు నిద్రపోవాలి. రకాన్ని బట్టి, సుమారు 7 డిగ్రీల లోపు చలి వంద గంటలో, అంతకన్నా ఎక్కువో తగిలితేనే సరిగ్గా పూత వస్తుంది. కౌలాలంపూర్ భూమధ్యరేఖకి 3 డిగ్రీల దూరం. ఇక్కడ రాత్రుళ్లు కూడా 23 కన్నా తగ్గడం అరుదు.

అందుకే ఇక్కడివాళ్లు దిగుమతైన పండ్లు కొనుక్కుంటారు. పేరు 'పిసాంగ్ కాకి'. మలయ్‌లో పిసాంగ్ అంటే అరటిపండు, కాకి అంటే కాలు. నిజానికి ఈ 'కాకి' జపాను మాట, ఆ పండు పేరే. మా అమ్మాయికి మాత్రం అది కావుకావుమనే కాకే.

భద్రాచలం వైపు నుంచి అమ్మ వచ్చినప్పుడు ఒక పండు చేతిలో పెట్టాను. తిప్పి చూసి, తొడిమ దగ్గరున్న నాలుగు రేకుల టోపీని తడిమి, "ఇది మన తునికిపండుకి చుట్టంలా ఉందే" అంది. వెతికి చూస్తే నిజమే! మన అడవుల్లో బీడీలకి ఆకునిచ్చే తునికీ, ఇదీ ఒకే డయోస్పైరోస్ ప్రజాతి. పచ్చిగా ఉంటే రెండూ వగరే. ఆ వగరు టానిన్ల వల్ల.

"పాసు పెట్టిస్తా, ఇక్కడే ఉండిపోమ్మా" అన్నాను ఆ రాత్రి.

"ఆ చెట్టుకి చలి కావాలన్నావుగా. నాకు మన ఎండాకాలం కావాల్రా. ఆవకాయ ఎవరు పెడతారు?" అంది. నేను మళ్లీ అడగలేదు. నెల తిరక్కుండానే వెళ్లిపోయింది.

పేరాక్‌లోని బాగన్ డాతో వైపు కొబ్బరి తోటల్లోకి బ్రిటిషు కాలంలో పనికొచ్చిన తెలుగువాళ్లకి ఈ ఎంపిక లేదు. ఉండిపోయారు. 1955లో సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మనవలతో మాట్లాడితే మనం మరిచిన మాటలు వినిపిస్తాయి. నాకు రెండేళ్లకొకసారి పాసు రెన్యూ కావాలి, ఉండేది అద్దె ఇల్లు. వాళ్ల పక్కన నన్ను నేను ఏమని చెప్పుకోను?

పెర్సిమన్‌కి మరో చుట్టం ఇక్కడ హాయిగా పెరుగుతుంది. 'బువా మెంతెగా', అంటే వెన్నపండు. పుట్టిల్లు ఫిలిప్పీన్స్. ఎర్రటి నూగు తోలు, లోపల తెల్లటి గుజ్జు, వాసన కాస్త ఘాటు. చలి అడగదు. ఓపిక అడుగుతుంది. ఆడ, మగ చెట్లు వేరు. గింజ నాటితే ఏది ఏదో ఏళ్ల తర్వాత పూసినప్పుడే తెలుస్తుంది. అందుకని మూడు గింజలు తెచ్చాను.

"కుండీల్లో పెట్టుకో, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లొచ్చు. నేలలో పెట్టినా నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు ఇంటి ఓనరు.

నేలలోనే పెట్టాను.